మచ్చలు మిగిలినా ద్వేషము మిగలలేదు

వాక్యభాగము: లూకా సువార్త 6:27–36

 

శత్రువులను ప్రేమించమని ప్రభువు ఇచ్చిన ఆజ్ఞ మనందరికీ తెలుసు. ఆదివారబడి పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. అయితే ఆ ఆజ్ఞ ఒక మనిషి బ్రతుకులో ఎలా నెరవేరుతుంది? ఎన్నాళ్ళకు నెరవేరుతుంది? నెరవేరిన తరువాత ఆ గాయం ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు కంఠతా పట్టేది కాదు. ఒక జీవితాన్ని ఓపికగా మొదటినుండి చూస్తే కొంత అర్థమవుతుంది. అందుకే వియత్నాం దేశంలో పుట్టి, పసితనంలోనే యుద్ధపు మంటల్లో కాలి, చివరకు కెనడా దేశంలో ఆశ్రయం పొందిన ఒక స్త్రీ చరిత్రను ఈరోజు మీ ముందుంచుతున్నాను. ఆమె పేరు ఫాన్ థీ కిమ్ ఫుక్. కిమ్ ఫుక్ అంటే వారి భాషలో బంగారు సౌభాగ్యము అని అర్థం.

ఆమె పేరు మీకు తెలియకపోయినా ఆమె ఫొటోను మీలో చాలామంది చూసే ఉంటారు. వెనుక నల్లని పొగ, ముందు తారురోడ్డు మీద కొందరు పిల్లలు ఏడుస్తూ పరుగెత్తుతుంటారు. వారి మధ్య ఒంటిమీద బట్టలు లేని ఒక చిన్న పిల్ల రెండు చేతులూ చాచి కేకలు వేస్తూ వస్తుంటుంది. ఆ పిల్లే కిమ్ ఫుక్. అప్పుడు ఆమె వయస్సు తొమ్మిదేళ్ళు.

ఆ దినమున జరిగినది

కిమ్ ఫుక్ 1963లో దక్షిణ వియత్నాంలోని ట్రాంగ్ బాంగ్ అనే ఊళ్ళో పుట్టింది. సైగాన్ నగరానికి వాయవ్యంగా, పెద్ద రహదారి మీద ఉన్న ఊరది. తల్లి నూడుల్స్ పులుసు అమ్మే చిన్న హోటలు నడిపేది. తినడానికి లోటు లేని ఇల్లు. ఆ కుటుంబం కావ్ దాయ్ అనే మతాన్ని అనుసరించేది. 1920లలో ఆ ప్రాంతంలోనే పుట్టిన మతం అది.

వియత్నాం దేశాన్ని 1954లో ఉత్తర, దక్షిణ భాగాలుగా విడదీశారు. ఉత్తరాన కమ్యూనిస్టు ప్రభుత్వం. దక్షిణాన అమెరికా మద్దతుతో నడిచే ప్రభుత్వం. 1972 నాటికి అమెరికా తన పదాతిదళాలను చాలామట్టుకు వెనక్కు పిలిపించుకుంది గాని యుద్ధం ఆగలేదు. ఆ సంవత్సరం మార్చి నెలాఖరున ఉత్తర సైన్యం పెద్ద దాడికి దిగింది. జూన్ నెలలో ఆ పోరు ట్రాంగ్ బాంగ్ వరకు వచ్చింది. కిమ్ ఫుక్ కుటుంబం, ఊరివాళ్ళు మరికొందరు కావ్ దాయ్ ఆలయంలో తలదాచుకున్నారు. దేవుని గుడి మీద ఎవరూ బాంబు వేయరని వారి నమ్మకం.

1972 జూన్ 8వ తేదీన, మూడు రోజులుగా అక్కడే ఉన్న ఆ జనం ఆలయం విడిచి రోడ్డు మీదకు పరుగెత్తారు. దక్షిణ వియత్నాం వైమానికదళానికి చెందిన విమానం వారి మీద నాపామ్ బాంబులు వేసింది. నాపామ్ అంటే పెట్రోలును జిగురులా చిక్కగా తయారుచేసి నింపిన మందు. అది మామూలు మంటలా విదిలిస్తే పోదు. ఒంటికి అంటుకుని కాలుతూనే ఉంటుంది. కిమ్ ఫుక్ ఒంటిమీది బట్టలు కాలిపోయాయి. వీపు, మెడ, ఎడమ చెయ్యి కాలిపోయాయి. శరీరంలో సుమారు మూడోవంతు లోతుగా కాలింది. “మంట, మంట” అని తన భాషలో అరుస్తూ ఆమె పరుగెత్తింది. ఆమె బంధువుల పిల్లలు, పసివాళ్ళు ఇద్దరు, ఆ బాంబులకే చనిపోయారు.

ప్రియులారా, ఇక్కడ ఒక సంగతి గమనించండి. బాంబు వేసినది ఆమె దేశపు శత్రువు కాదు. ఆమె ఊరిని కాపాడవలసిన పక్షంవారే. పరుగెత్తి వస్తున్న ప్రజలను శత్రుసైనికులనుకుని వేశారు. మనకు తగిలే గాయాల్లో ఎక్కువ కాలం మండేవి కూడా ఇలాంటివే కదా. పరాయివాడు కొట్టిన దెబ్బను మరచిపోవచ్చు. మనవాడు కొట్టినది, పొరపాటునే కొట్టినా, లోపల రగులుతూ ఉంటుంది.

బ్రతికించిన చేతులు

రోడ్డు మీద ఉన్న విలేకరులు, సైనికులు ఆమెకు నీళ్ళు తాగించారు, ఒంటిమీద పోశారు. ఏపీ వార్తాసంస్థ ఫొటోగ్రాఫరు నిక్ ఉట్ ఆమెను తన వ్యానులో ఎక్కించుకుని కూ చీ అనే పట్టణంలోని ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఇంతగా కాలిన పిల్ల బ్రతకదని అక్కడివాళ్ళు వెనకాడారు. అతడు తన పత్రికా గుర్తింపుకార్డు చూపించి పట్టుబట్టి చేర్పించాడు. తరువాత ఆమెను సైగానుకు తరలించారు. అక్కడ తనను చనిపోయినవారి గదిలో పడవేశారనీ, మూడో దినమున తల్లిదండ్రులు వెదకి కనుగొన్నారనీ ఆమె తన సాక్ష్యంలో చెబుతుంది. బ్రిటిష్ టెలివిజన్ విలేకరి క్రిస్టఫర్ వేన్, ఇంకా కొందరు పూనుకుని ఆమెను బార్స్కీ ఆసుపత్రికి చేర్చారు. గాయపడిన పిల్లల కోసం ఆర్థర్ బార్స్కీ అనే అమెరికా వైద్యుడు సైగానులో నెలకొల్పిన శస్త్రచికిత్సాలయం అది. 14 నెలలు ఆసుపత్రి, మొత్తం 17 శస్త్రచికిత్సలు. చచ్చిన చర్మాన్ని ప్రతిరోజూ తొలగించేటప్పుడు ఆ పిల్ల నొప్పికి స్పృహ తప్పేది.

ఆ ఫొటోకు 1973లో పులిట్జర్ బహుమానం వచ్చింది. అది నిక్ ఉట్ తీసినదేనని లోకమంతా యాభై ఏళ్ళు నమ్మింది. తీసినది వేరొకరని ఇటీవల ఒక డాక్యుమెంటరీ చిత్రం వాదించింది. దానితో వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ 2025లో ఆ ఫొటోకింద అతని పేరును నిలిపివేసింది. ఏపీ సంస్థ మాత్రం పేరు మార్చడానికి తగిన ఆధారం లేదన్నది. ఆ వాదన ఎలా తేలినా, కాలిన పిల్లను ఆసుపత్రికి మోసుకుపోయిన చేతులు అతనివే. దారిన పడి ఉన్నవాణ్ణి చూసి ఆగిన సమరయుని ప్రభువు మనకు చూపించాడు. అతని పేరు కూడా లూకా వ్రాయలేదు, అతడు చేసిన పనిని వ్రాశాడు.

చీకటిలో దొరికిన వాక్యము

1975 ఏప్రిల్ 30న యుద్ధం ముగిసింది. బాంబులు ఆగాయి గాని బాధ ఆగలేదు. కొత్త ప్రభుత్వంలో ఆ కుటుంబం దరిద్రంలో పడింది. కిమ్ ఫుక్ వీపు మీద చర్మం గట్టిపడి ముడుచుకుంది. చెమటపట్టే రంధ్రాలు లేనందున ఎండకు ఒళ్ళంతా మండేది. తలనొప్పులు వచ్చేవి. మచ్చలు కనబడకుండా పొడుగు చేతుల జాకెట్లు వేసుకునేది. నన్ను ఎవరు పెండ్లి చేసుకుంటారు అని ఏడ్చేది.

తనను బ్రతికించినవారిలా తానూ డాక్టరు కావాలని ఆమె కోరిక. వైద్యవిద్యలో చేరింది. అంతలో ఆ ఫొటోలోని పిల్ల ఈమేనని ప్రభుత్వాధికారులు కనుగొన్నారు. విదేశీ విలేకరులు వచ్చినప్పుడల్లా ఆమెను తీసుకువెళ్ళి చూపించేవారు. ఏం చెప్పాలో వారే చెప్పేవారు. చదువు ఆగిపోయింది. ఒకసారి మంట ఆమె శరీరాన్ని కాల్చింది. ఇప్పుడు ఆ ఫొటో ఆమె భవిష్యత్తును కాల్చింది. చనిపోవాలని కూడా ఆమె తలంచింది. తనకు హాని చేసినవారందరి మీద, బాంబు వేసినవాని మీద, వాడుకున్నవారి మీద, కొండంత ద్వేషం పెరిగింది.

1982లో సైగాన్ గ్రంథాలయంలో మతగ్రంథాలున్న అరల దగ్గర ఆమెకు ఒక క్రొత్త నిబంధన దొరికింది. మనశ్శాంతికోసం అన్ని గ్రంథాలూ తిరగేస్తున్న రోజులవి. యోహాను సువార్త 14వ అధ్యాయము 6వ వచనము ఆమెను నిలువరించింది. తండ్రియొద్దకు చేరే త్రోవ తానే అని పలికిన ఈ యేసు ఎవరు? ఆయన నిందలు పొందాడు, కొట్టబడ్డాడు, ఆయన ఒంటిమీద కూడా గాయపు గుర్తులున్నాయి. ఇది ఆమెకు కొత్త సంగతి. తన దేవతలకు మచ్చలు ఉంటాయని ఆమె ఎన్నడూ వినలేదు. ఆ సంవత్సరము క్రిస్మసు దినాల్లో, సైగానులోని ఒక చిన్న సంఘంలో, ఆమె తన హృదయాన్ని ప్రభువుకు ఇచ్చింది. ఇంటివారు సంతోషించలేదు. పూర్వీకుల మతాన్ని విడిచిందని కోపించారు.

క్షమాపణ ఒక్క రాత్రిలో రాలేదు

చాలా సాక్ష్యాలు ఇక్కడితో ముగుస్తాయి. ప్రభువును నమ్మింది, సమస్తం మారిపోయింది అంటాము. ఆమె అలా చెప్పలేదు. శత్రువులకొరకు ప్రార్థించమన్న ఆజ్ఞ చదివినప్పుడు, ఇది నావల్ల కాదు ప్రభువా అన్నానని ఆమె ఒప్పుకుంటుంది. తన హృదయము నల్లని కాఫీతో నిండిన కప్పులాంటిదని ఆమె పోలిక చెబుతుంది. దాన్ని ఒక్కసారిగా బోర్లించలేకపోయింది. ప్రతిరోజూ కొంచెం కొంచెం పారబోసింది, దేవుడు కొంచెం కొంచెం మంచినీళ్ళు నింపాడు. తనకు హాని చేసినవారిని ఒక్కొక్కరినే ప్రార్థనలో ఎత్తిపట్టింది. ఒకనాడు చూసుకుంటే వారిని ద్వేషించడం తనకు చేతకావడం లేదు.

నా ప్రియ చదువరీ, నిన్ను ఎవరో గాయపరిచారు. పెద్దలు వచ్చి, “క్షమించమ్మా, విశ్వాసివి గదా” అని చెప్పి వెళ్ళిపోయారు. నీవు క్షమించానన్నావు. మరునాడు ఉదయం లేచేసరికి ఆ కోపం మళ్ళీ అక్కడే ఉంది. నా విశ్వాసం అబద్ధమా అని నీవు కృంగిపోతున్నావు. కాదు. డెబ్బది ఏళ్ళ మారులు అని ప్రభువు పేతురుతో చెప్పింది వేరువేరు తప్పులకే కాదు, ఒకే తప్పును మళ్ళీ మళ్ళీ క్షమించవలసి వచ్చే మనస్సుకు కూడా సరిపోతుంది. ఈరోజు ఒక చెంచాడు పారబొయ్యి. రేపు ఇంకొక చెంచాడు.

క్షమించడం అంటే తిరిగి అదే హింసకు లోబడి ఉండడం కాదని కూడా ఆమె జీవితం మనకు చూపిస్తుంది. ఆమె క్షమించింది, అయినా తనను వాడుకుంటున్నవారి చేతిలోనుండి బయటపడింది.

తలుపు తెరచిన దేశము

1984లో ఒక జర్మను విలేకరి సహాయంతో పశ్చిమ జర్మనీలో ఆమెకు శస్త్రచికిత్స జరిగింది. 1986లో వియత్నాం నాయకుడు ఫామ్ వాన్ డాంగ్ దయ చూపగా ఆమె చదువుకొరకు క్యూబా వెళ్ళింది. హవానాలో తన దేశానికే చెందిన బుయ్ హుయ్ టోయాన్ అనే విద్యార్థితో పరిచయమైంది. నన్ను ఎవరు పెండ్లి చేసుకుంటారు అని ఏడ్చిన ఆ స్త్రీకి 1992లో వివాహమైంది. క్రొత్త దంపతులు మాస్కోకు వెళ్ళి తిరిగివస్తుండగా, విమానం ఇంధనం కోసం కెనడాలోని గాండర్ అనే చోట దిగింది. సమయము సుమారు ఒక గంట. కిమ్ ఫుక్ ప్రార్థించింది. భార్యాభర్తలు తిరిగి విమానమెక్కలేదు. సామాను విమానంలోనే వెళ్ళిపోయింది. చేతిలో డబ్బు లేదు, ఆ దేశంలో తెలిసినవారు లేరు. మాకు ఆశ్రయమివ్వండి అని అధికారులను అడిగారు. కెనడా ఇచ్చింది.

ఆ దేశము అప్పటికే అలా తలుపు తెరచి ఉండడానికి ఒక కారణముంది. 1975 తరువాత వియత్నాం, లావోస్, కంబోడియా దేశాలనుండి లక్షలాది మంది ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయారు, వారిలో చాలామంది చిన్న పడవల్లో సముద్రం మీద పడ్డారు. వారికి బాధ్యత వహించి తీసుకువచ్చే పద్ధతిని కెనడా ప్రభుత్వం ఏర్పరచినప్పుడు, 1979 మార్చిలో మొట్టమొదట ఒప్పందం వ్రాసుకున్నది మెనోనైట్ సంఘాలవారు. తరువాత ఇతర సంఘాలు, ఇరుగుపొరుగు గుంపులు ముందుకు వచ్చాయి. 1979, 1980 సంవత్సరాల్లో కెనడా సుమారు 60,000 మందిని చేర్చుకుంటే, అందులో సగానికి పైగా మందిని పోషించే బాధ్యత తీసుకున్నది ఇలాంటి సామాన్య ప్రజలే. 1986లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే నాన్సెన్ పతకం కెనడా ప్రజలకు దక్కింది.

మన ప్రభువు కూడా పసితనంలో ఖడ్గం తప్పించుకుని, రాత్రివేళ తల్లి ఒడిలో ఐగుప్తుకు వెళ్ళిన శిశువే. ఐగుప్తులో ఎవరో ఒకరు ఆ కుటుంబానికి చోటిచ్చి ఉండాలి. పరదేశిని నీవలె ప్రేమించవలెనని లేవీయకాండము 19వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞాపించినప్పుడు, మీరూ పరదేశులై ఉంటిరి గదా అని కారణం కూడా చెప్పాడు. మన పట్టణాల శివార్లలో ఇటుక బట్టీల దగ్గర ఒడిశానుండి వచ్చిన కుటుంబాలు గుడిసెలు వేసుకుని ఉంటాయి. ఆ పిల్లల పేర్లు మన సంఘంలో ఎంతమందికి తెలుసు?

వాషింగ్టనులో ఆ దినము

కెనడాలో ఆమె ఎవరికీ తెలియకుండా బ్రతకాలనుకుంది. 1995లో పత్రికలవారు ఆమె ఆచూకీ కనుగొన్నారు. ఆ ఫొటో తన వెంటే వస్తుందని ఆమెకు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఇతరులు దాన్ని తమకిష్టమైనట్లు వాడుకున్నారు. ఇకమీదట దాన్ని సమాధానముకొరకు తానే వాడాలని నిశ్చయించుకుంది.

1996 నవంబరు 11న వాషింగ్టనులోని వియత్నాం యుద్ధ స్మారకం దగ్గర, వేలాది మంది మాజీ సైనికుల యెదుట ఆమె నిలబడింది. ఆ బాంబు వేసిన పైలట్ ఎదురుపడితే ఏమంటానో చెప్పింది. జరిగిపోయిన చరిత్రను మనం మార్చలేము, ఇప్పుడున్న కాలానికీ రాబోయే కాలానికీ మేలు చేయడానికి ప్రయత్నిద్దాము అన్నది ఆమె మాటల సారాంశం. చాలామంది సైనికులు కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఇక్కడ బోధకులమైన మనము జాగ్రత్తపడవలసిన సంగతి ఒకటుంది. ఆ దినమున ఆమెను కలుసుకున్న ఒక అమెరికా మాజీ సైనికాధికారి, అప్పటికి పాదిరిగా ఉన్నవాడు, ఆ దాడికి ఆజ్ఞ ఇచ్చింది తానేనని చెప్పుకున్నాడు. ఆమె అతణ్ణి క్షమించింది. ఆ కథ ఎన్నో ప్రసంగ వేదికలకు ఎక్కింది. మరుసటి సంవత్సరమే, అతడు చెప్పుకున్నంత పాత్ర అతనికి లేదని బయటపడింది. విమానము దక్షిణ వియత్నాముది, నడిపినవాడూ ఆ దేశస్థుడే. అందమైన ముగింపు కోసం సాక్ష్యానికి రంగులు పూయనక్కరలేదు. తన శత్రువు ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు. ముఖం తెలియనివానిని, క్షమించమని అడగనివానిని ఆమె క్షమించింది. సత్యము ఆ కథకంటే గొప్పది కాదా?

మచ్చలు ఏమయ్యాయి?

1997లో యుద్ధంలో గాయపడిన పిల్లలకు వైద్యసహాయం చేసేందుకు ఆమె పేరున ఒక సంస్థ ఏర్పడింది. యునెస్కో ఆమెను సౌహార్ద రాయబారిగా నియమించింది. ఇద్దరు కుమారులకు తల్లి అయింది, కెనడా పౌరురాలైంది. అయినా వీపు మీది మచ్చలు పోలేదు, నొప్పి పోలేదు. పరలోకంలో తప్ప నొప్పిలేని దినము తనకు ఉండదనుకుంది. 2015లో, అంటే బాంబు పడిన 43 ఏళ్ళకు, అమెరికాలోని మయామి నగరంలో జిల్ వైబెల్ అనే చర్మవైద్యురాలు ఆమెకు ఉచితంగా లేజర్ చికిత్స మొదలుపెట్టింది. చికిత్సకు వెళ్ళినప్పుడు నిక్ ఉట్ ఆమెకు తోడుగా ఉన్నాడు. 2022లో ఆ చికిత్స ముగింపుకు వచ్చింది.

అదే సంవత్సరం జూలైలో మరొక సంగతి జరిగింది. ఉక్రెయిన్ యుద్ధంనుండి పారిపోయి వచ్చిన 236 మంది శరణార్థులను పోలెండులోని వార్సా నగరంనుండి ఒక విమానం కెనడాకు తీసుకువెళ్ళింది. ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. ఆ విమానం బయట 1972 నాటి ఆ ఫొటోను పెద్దదిగా వేశారు. లోపల ఆ పిల్లలతోపాటు, యాభై తొమ్మిదేళ్ళ వయస్సులో, కిమ్ ఫుక్ కూర్చుని ఉంది. ఒకనాడు విమానం చూసి పరుగెత్తిన పిల్ల, మరొక యుద్ధపు పిల్లలను విమానంలో సురక్షితమైన దేశానికి తోడుకొని పోయింది.

ప్రియ చదువరీ, పునరుత్థానుడైన ప్రభువు తోమాకు తన చేతులు చూపించినప్పుడు వాటిలో మేకుల గురుతులు అలాగే ఉన్నాయి. మరణాన్ని జయించిన దేహములో కూడా మచ్చలున్నాయి. కాబట్టి నీ మచ్చలను చూసి సిగ్గుపడకు. అవి ఇంకా నొప్పి పెడుతున్నాయంటే నీవు క్షమించలేదని అర్థం కాదు. ఈ వారం ఒక పని చెయ్యి. నిన్ను గాయపరచినవారి పేరు ఒక్కటి, ఒక్కటే, ప్రభువు యెదుట పలుకు. ఇంకేమీ చెప్పలేకపోతే పేరు మాత్రమే చెప్పి మౌనంగా ఉండు. మరునాడు మళ్ళీ ఆ పేరే చెప్పు.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, కాలిన పిల్లను విడువని నీ కనికరముకొరకు స్తోత్రములు. మాలో గాయపడి మాట్లాడలేనివారిని నీవు ఎరుగుదువు. వారిని తొందరపెట్టకుండా వారి ప్రక్కన నడిచే ఓపిక మా సంఘాలకు దయచేయుము. మేము గాయపరచినవారి యొద్దకు వెళ్ళి తప్పు ఒప్పుకునే ధైర్యము మాకు ఇమ్ము. ఈ రాత్రి యుద్ధభూములలో నిద్రలేని పిల్లలను నీ రెక్కల నీడలో దాచుము. మా గుమ్మము ముందుకు వచ్చే పరదేశిలో నిన్ను గుర్తుపట్టే కన్నులు మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.